మూడో టికెట్

ఊళ్ళు తిరగడం గురించి నా అభిప్రాయం చెబితే బంధువులు మొహం చిట్లిస్తారు. అయినా చెబుతాను. సొంత మంచం, సొంత కుళాయి, తలకు అలవాటైన దిండు వదిలేసి, చేతి డబ్బు ఇచ్చి మరీ పరాయి మంచం మీద నిద్రపట్టక దొర్లడాన్ని జనం సెలవు అంటారు. చీకటితో లేచి, చలికి గడగడలాడుతూ కొండెక్కి, సూర్యుడు వచ్చాడని చప్పట్లు కొడతారు. ఆ సూర్యుడే రోజూ మా వంటింటి కిటికీలోంచి వస్తాడు. వీళ్ళలో ఒక్కరైనా లేచి చూసిన పాపాన పోలేదు.

నేను కట్టుడుపళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టరు అచ్చులు పంపిస్తాడు. ఇంటి వెనక గదిలో బల్ల వేసుకుని మైనం కరిగిస్తాను, పళ్ళు పేరుస్తాను, అరగదీసి మెరుగుపెట్టి తిరిగి పంపిస్తాను. సెలవులు దగ్గరపడ్డాయంటే డాక్టరు దగ్గర్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "అమ్మా, ఆ పై సెట్టు కాస్త త్వరగా కానివ్వండి. వాళ్ళు టూరుకి వెళ్తున్నారట, ఫొటోలు దిగాలట." జలపాతాల ముందు నిలబడి ఇకిలించే ఆ నవ్వుల్లో కొన్ని నా చేతిపనే. తిరిగొచ్చాక ఆ నోళ్ళు ఏమంటాయో కూడా నాకు తెలుసు. గదిలో వేణ్ణీళ్ళు రాలేదు, దుప్పట్లు కంపు, బస్సులో వాంతులు, కడుపు పాడైంది, "కానీ భలే ఉందండీ, మీరూ తప్పకుండా వెళ్ళాలి!" తాము పడ్డ గోతిలో ఇంకో పదిమందిని పడేస్తే గానీ వీళ్ళ మనసు కుదుటపడదు.

మా అన్నయ్య కాలికి బలపం కట్టుకుని పుట్టాడు. మంచినీళ్ళ ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం. ఏడాదంతా పగిలిన పైపుల గోల విని విని, ఏడాదికోసారి ఓ వారం ఎక్కడికో పోకపోతే అతనికి ఊపిరాడదు. పోయేది వారమే గానీ, ముందు ఆర్నెల్లు దాని గురించి మాట్లాడతాడు, తర్వాత ఆర్నెల్లు దాని గురించే మాట్లాడతాడు. ఆఫీసులో అతన్ని 'గైడుగారు' అంటారు. అది వెక్కిరింత అని తెలియక పొంగిపోతాడు. మనిషి మాత్రం వెన్న. అదే వచ్చిన తంటా. చెడ్డవాడైతే నాలుగు తిట్టి వదిలించుకోవచ్చు.

నేను పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య, వదిన, నేను, ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. చిన్న ఇల్లు, పల్చటి గోడలు. అన్నయ్య ముందుగదిలో తుమ్మితే నా బల్ల మీద పన్ను కదులుతుంది. సాయంత్రమైతే వదిన అదే ముందుగదిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. గుక్కపట్టి ఎక్కాలు చదివే పిల్లలు, ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడే అన్నయ్య, నా అరగదీసే మిషను. ఈ ఇంట్లో నిశ్శబ్దం అనేది ఎవరికీ రాసిపెట్టి లేదు.

నాకు తప్ప. ఏడాదికో వారం.

వాళ్ళిద్దరూ ఎక్కిన టాక్సీ సందు మలుపు తిరగ్గానే నా సెలవు మొదలవుతుంది. తలుపు గడియ వేస్తాను. మిషను తీగ పీకేస్తాను. ఆకలేసినప్పుడు గిన్నెలోంచే తింటాను. ఫోను దిండు కింద తోసేసి, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా, ముందుగదిలో నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. ఏం చేస్తానంటే ఏమీ చేయను. అంత గొప్ప పని ఇంకొకటి లేదు. తిరిగొచ్చాక వాళ్ళు "ఇన్నిసార్లు చేశాం, ఫోనెత్తవేం?" అంటే, మిషను చప్పుడులో వినపడలేదంటాను. "పాపం, ఒక్కదానివే బిక్కుబిక్కుమంటూ ఎలా ఉన్నావో!" అని జాలిపడతారు. పడనిస్తాను. మిగతా ఏడాదంతా పంటి బిగువున బతికేది ఆ వారం కోసమేనని వాళ్ళకెందుకు చెప్పాలి? పైగా వచ్చే ఏడు అన్నయ్య రిటైరవుతున్నాడు. ఇక పొద్దస్తమానం ఇంట్లోనే. ఆ వారం కూడా లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

అలాంటిది ఈ ఏడు ఒక సాయంత్రం అన్నయ్య ఆఫీసునుంచి వస్తూనే నా గది గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చెల్లాయ్, కళ్ళు మూసుకో."

"చేతిలో మైనం కాలుతోంది అన్నయ్యా, మూసుకుంటే వేళ్ళు పోతాయి."

"అబ్బా! సరే, చూడు." మూడు కాగితాలు నా మొహం ముందు ఆడించాడు. "ఈసారి మూడు టికెట్లు! కొండల మీదికి. చెరువు, గుహలు, అన్నీ. నువ్వూ వస్తున్నావ్!"

మైనం గిన్నె బల్ల మీద పెట్టేశాను.

"నాకు తిరగడం ఇష్టం లేదని తెలుసు కదా."

"అందని ద్రాక్ష పుల్లన," అన్నాడు, నా తల మీద మొట్టి. "ఇన్నేళ్ళూ మాకు బుద్ధి లేక నిన్ను వదిలేసి పోయాం. మీ వదిన మొన్న కళ్ళు తెరిపించింది."

వదిన అతని వెనకే నిలబడి ఉంది. నవ్వింది. ఆ నవ్వు ఏదో తేడాగా ఉందని అప్పుడే అనుకోవాల్సింది.

ఆ మర్నాటినుంచి నేను సాకులు వెతకడం మొదలుపెట్టాను. అర్జెంటు సెట్లు ఉన్నాయన్నాను. వదిన తనే డాక్టరుకు ఫోన్ చేసి, గడువు పొడిగించమని ఒప్పించింది. బస్సెక్కితే కళ్ళు తిరుగుతాయన్నాను. మాత్రలు తెచ్చి నా పెట్టెలో పెట్టింది. ఇంటికి కాపలా వద్దా అన్నాను. "ఏముందని దోచుకుపోతారు? నీ పళ్ళా?" అంది. నేను ఒక గుమ్మం మూస్తే ఆవిడ రెండు తెరుస్తోంది. ఈవిడకింత శ్రద్ధేమిటా అని తల బద్దలు కొట్టుకున్నాను.

ప్రయాణం రేపనగా వదిన మెట్ల మీద జారింది. మడమ బెణికిందట. పట్టీ కట్టుకుని మంచం మీద కూర్చుని మూలిగింది. అన్నయ్య బెంబేలెత్తిపోయాడు. ప్రయాణం మానేద్దామన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"ఎందుకండీ మానడం?" అంది వదిన. "మీరిద్దరూ వెళ్ళి రండి. అన్నాచెల్లెళ్ళు కలిసి ఎక్కడికైనా వెళ్ళి ఎన్నాళ్ళయింది! పాపం, అమ్మాయి అంత ఆశ పెట్టుకుంది."

అమ్మాయి ఎక్కడ ఆశ పెట్టుకుందో అమ్మాయికే తెలియదు. నేను నోరు తెరిచేలోపు అన్నయ్య కరిగిపోయాడు. "నిజమే," అన్నాడు. అంతే, అయిపోయింది.

పెట్టెకు తాళంచెవి వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాను. వదిన స్టూలెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, పై అరలోంచి బిస్కెట్ల డబ్బా దించుతోంది.

"కాలెలా ఉంది?" అన్నాను.

ఉలిక్కిపడుతుందనుకున్నాను. లేదు. డబ్బా చంకన పెట్టుకుని నింపాదిగా దిగింది.

"బాగానే ఉంది."

"అయితే నాటకమా?"

"నాటకమే. ఏం, నీకొక్కదానికే వచ్చా? 'ఎలాగోలా ఉంటాన్లే వదినా, మీరు వెళ్ళి రండి' అంటూ ఏటా మొహం వేలాడేసుకుని నువ్వాడేదాన్ని ఏమంటారు?"

"నీకు తెలుసా?"

"మేం టాక్సీ ఎక్కేటప్పుడు చెయ్యి ఊపుతావు చూడూ. వెళ్ళేవాళ్ళకి ఊపినట్టుండదు, ఈగల్ని తోలినట్టుంటుంది."

"అందుకని పగబట్టి టికెట్ కొనిపించావా?"

"పగేమిటి నా మొహం!" డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. "నాకు ఈ ఇల్లు కావాలి. ఒక్క వారం. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నేను ఒక్కదాన్నీ ఒక గంట ఉన్నానా, నువ్వే చెప్పు. మొదట్లో అత్తయ్య ముందుగదిలో మంచాన ఉండేది. ఆవిడ పోయాక ఆ గదిలో పిల్లలు, వెనక గదిలో నువ్వు, అన్ని గదుల్లోనూ ఆయన. సెలవంటే మళ్ళీ ఆయనతోనే, హోటల్లో ఒకే గది. అక్కడైతే పోయి కూర్చోడానికి వంటిల్లు కూడా ఉండదు."

"అన్నయ్యతో చెప్పేస్తాను."

"చెప్పు," అంది తల ఎత్తకుండా.

చెప్పలేదు. మంచితనమనుకునేరు. ఆవిడ గుట్టు విప్పితే నా గుట్టూ విప్పినట్టే. మింగలేక కక్కలేక, పళ్ళు నూరుకుంటూ టాక్సీ ఎక్కాను. వదిన గుమ్మంలో కుంటుతూ నిలబడి చెయ్యి ఊపింది. ఆవిడకూ ఈగలు తోలడం బాగానే వచ్చు.

కొండల ఊరు గురించి చెప్పమంటే ఏం చెప్పను? కొండలు దూరం నుంచి చూస్తేనే బాగుంటాయని మన పెద్దవాళ్ళు ఏనాడో చెప్పారు. 'దూరపు కొండలు నునుపు' అన్నది పోయి చూసొచ్చినవాడే అయ్యుంటాడు. మేం దిగిన హోటల్లో కిటికీ తీస్తే ఇంకో హోటల్ కిటికీ. ఆ కిటికీలో ఒకాయన బనీనుతో నిలబడి మా కిటికీని ఫొటో తీస్తున్నాడు.

మర్నాడు లోయ చూడ్డానికి తీసుకెళ్ళాడు అన్నయ్య. లోయ లేదు. అంతా మంచు. కమ్మీ పట్టుకుని ఓ యాభైమంది ఆ తెల్లటి శూన్యాన్ని చూస్తూ "అబ్బబ్బబ్బ!" అంటున్నారు.

"దీని వెనకాల లోయ ఉంది చెల్లాయ్."

"ఉందని ఎలా తెలుసు?"

"బోర్డు మీద రాసుందిగా," అన్నాడు. ఆ బోర్డును మొదటినుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాడు. నాకు చదువు వచ్చని మరిచిపోయాడు కాబోలు. ఆ తర్వాత మ్యూజియంలో ప్రతి కుండ కింద చీటీ, తోటలో ప్రతి చెట్టు కింద చీటీ, ఒకటి వదలకుండా చదివాడు. రోట్లో తలపెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా అనుకుని విన్నాను.

అయితే, చదవడం భరించవచ్చు. మిగతాదే భరించలేనిది. "చెల్లాయ్, నా కళ్ళజోడేదీ?" నెత్తి మీదుంది. "బీపీ మాత్రలు పెట్టావా?" నేనెందుకు పెడతాను? "సబ్బేదీ, తువ్వాలేదీ, రెండో సాక్సేదీ?" ప్రతిదానికీ నా మొహంలోకి చూడటమే. సాయంత్రాలు నేను హోటల్ వాష్‌బేసిన్‌లో అతని సాక్సులు ఉతికి, ఫ్యాన్ రెక్కలకి ఆరేశాను. అప్పుడర్థమైంది. వదిన ఏటా ఇంటిచాకిరీని పెట్టెలో సర్దుకుని మోసుకెళ్ళి, అక్కడ చేసి, మళ్ళీ సర్దుకుని తెస్తోంది. ఇన్నేళ్ళూ దాన్ని మేం ఆవిడకు సెలవు అన్నాం. నా మీద నాకే ఒళ్ళు మండింది.

తర్వాతి రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. గదిలో ఇరుక్కుపోయాం. అన్నయ్య మంచం అంచున కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ.

"నిన్నట్నించీ ఎత్తడం లేదు చెల్లాయ్."

"నిద్రపోతోందేమో."

"నిన్నట్నించీ నిద్రేమిటి? ఆ కాలుతో బాత్రూంలో పడిపోయిందేమో!" లేచి నిలబడ్డాడు. "ఎదురింటి నర్సుకి చేస్తా, వెళ్ళి చూస్తుంది."

ఎదురింటి నర్సు సంగతి తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. తలుపు తట్టడమంటే ఆవిడకు లోపలికొచ్చి కూర్చోవడమే. ముందు ఆ పట్టీ విప్పి చూస్తుంది. ఆ తర్వాత బెణుకు సంగతి వీధి వీధంతా తెలుస్తుంది. వారమంతా వదినకి తోడుగా అక్కడే పడుకుంటుంది కూడా.

"వద్దు! నాతో మాట్లాడింది," అన్నాను. "పొద్దున్న, నువ్వు స్నానం చేస్తుంటే. బాగానే ఉంది. ఫోను పాడైందట, మనం చేస్తే అక్కడ మోగడం లేదట, అందుకే ఎత్తడం లేదు."

అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఒక్క క్షణమే.

"అయితే మరీ ప్రమాదం కదే! ఫోను లేదు, కాలు లేదు, మనిషి ఒక్కతే. లే, పెట్టె సర్దు. రేపు పొద్దున్న బస్సుంది, వెళ్ళిపోదాం."

నా నాలుక కోసుకోవాలనిపించింది.

"అంత అవసరమా?" అన్నాను నీరసంగా.

"నువ్వైనా సంతోషంగా ఉంటే ఆలోచించేవాణ్ణే. వచ్చిన దగ్గర్నుంచి నీ మొహం చూస్తూనే ఉన్నా. నా బుద్ధి తక్కువై ఈడ్చుకొచ్చాను నిన్ను." చొక్కా గుండీలు పెట్టుకుంటూ గొంతు తగ్గించాడు. "నీకు నిజంగానే ఇష్టం లేదు కదూ? ఇంకెప్పుడూ పిలవన్లే. ఇంటి దగ్గరే ఉందువు గానీ."

ఇంకేం కావాలి? నేను నోరు మూసుకుంటే చాలు. రేపు రాత్రికి నా మంచం, నా దిండు. వచ్చే ఏటినుంచి నా వారం నాకు. నక్కను తొక్కినంత అదృష్టం, కూర్చున్న చోటికే వచ్చింది.

కానీ వదిన ఏం చేస్తోందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. మొదటి రోజు ఇల్లంతా సర్దుతుంది, ఖాళీగా కూర్చోవడం చేతకాక. రెండో రోజు ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడుతుంది. మనుషుల చప్పుడు చెవుల్లోంచి పోవడానికి ఆ మాత్రం పడుతుంది. అసలు సుఖం ఆ తర్వాతే. ఇప్పుడిప్పుడే నేల మీద కాళ్ళు చాపి ఉంటుంది. ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. తెలిసిన నేనే వెళ్ళి రేపు ఆ తలుపు కొట్టాలి. ఇన్నేళ్ళుగా నేను అనుభవించింది ఆవిడ ఒక్కసారి, ఒక్క రుచి చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. నిజం ఏడుపే. ఆవిడ మీద జాలో, పోబోయే నా వారం మీద దిగులో, రెండూనో.

"అన్నయ్యా," అన్నాను, కళ్ళు తుడుచుకోకుండా. "ఆ గుహలు చూడకుండా నేను రాను."

గుండీ మీద అతని చెయ్యి ఆగిపోయింది. "ఏంటీ?"

"గుహలు. చెరువులో పడవ. ఆ సూర్యోదయం కూడా. అన్నీ చూడాలి. ఎన్నాళ్ళ కోరికో నీకేం తెలుసు?"

"మరి ఏటా పిలుస్తుంటే రానన్నావు?"

"మీ మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకని."

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. అన్నయ్య మంచం మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిచ్చిదానా," అన్నాడు. "నోరు తెరిచి చెప్పొద్దా? నీ మొహం ఎప్పుడూ అలాగే ఉంటుందని మరిచిపోయాను." పెట్టె మంచం కిందికి తోసేసి, రెయిన్‌కోటు నా మీదికి విసిరాడు. "పద, వాన్లో గుహలు ఇంకా బాగుంటాయట, బోర్డు మీద చదివాను."

ఇక ఆగుతాడా? గుహల్లో నడుం వంచి నడిచాను. గబ్బిలాల కంపుకి "అబ్బ, ఎంత బాగుంది!" అన్నాను. పడవలో తడిసి ముద్దయ్యాను. చీకటితో లేచి కొండెక్కి, చలికి వణుకుతూ, సూర్యుడొస్తే చప్పట్లు కొట్టాను. నేను, నా ఈ రెండు చేతులతో! ప్రతి చోటా అన్నయ్య "నవ్వు!" అన్నాడు, నవ్వాను. చేసిచ్చిన సెట్లన్నీ ఒక్కసారి పెట్టుకున్నా అంత నవ్వు రాదు. వారం నిండేదాకా ఇంటి ఊసెత్తనివ్వలేదు.

తిరిగొచ్చేసరికి వదిన పట్టీ లేకుండా నడుస్తోంది. మొహం తేటగా ఉంది. మాట మెల్లగా వస్తోంది, ఇంకా అలవాటు కానట్టు. అన్నయ్య చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"ఫోను బాగు చేయించావా?"

వదిన అతన్ని చూసి, నన్ను చూసింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది ఆవిడకు. లెక్కలు చెప్పే మనిషి కదా.

"ఆఁ, చేయించాను," అంది.

"నీకు తెలుసా, దీనికి తిరగడమంటే ప్రాణమట! మనమేమో ఇన్నేళ్ళూ..." ఫోను తీసి ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు. "చూడు ఆ నవ్వు! గుహలు చూడకుండా రానని ఏడ్చింది. రిటైరయ్యాక ఏడాదికి రెండు టూర్లు వేస్తా. ఇంకెక్కడికెళ్ళినా ఇది లేకుండా లేదు."

నేను వదిన వైపు చూశాను. ఆవిడ ఒక్క మాటంటే చాలు. 'వచ్చేసారి నేనే వస్తానండీ, అమ్మాయిని ఉండనివ్వండి' అంటే చాలు. ఆవిడ కోసం నేనేం చేశానో ఆవిడకు తెలుసు. అంటుందనే అనుకున్నాను. ఆ ఒక్క మాట కోసం గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

వదిన ఫొటోలోని నా మొహాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి, సూటిగా నా కళ్ళలోకే చూస్తూ అంది:

"తీసుకెళ్ళండి. పాపం, ఇన్నేళ్ళూ ఒక్కతే ఇంట్లో పడి ఉంది. నాకెలాగూ ఈ కాలు ఇక ప్రయాణాలకు పనికిరాదు."

ఏరు దాటింది, తెప్ప తగలేసింది. అరవాలనిపించింది. పెట్టె ఆవిడ నెత్తిన వెయ్యాలనిపించింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. పెట్టె తీసుకెళ్ళి లోపల పెట్టాను. ఆవిడ చోట నేనున్నా అదే మాట అనేదాన్ని. నేనైతే ఆ నీళ్ళు కూడా పెట్టుకునేదాన్ని కాదు.